పసిపిల్లలున్న ఇంట్లో ఉద్యోగం మారాలంటే: నోటీస్ పీరియడ్‌ను వాడుకునే తీరు

బెంగళూరు ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీస్ పీరియడ్ 60 లేదా 90 రోజులు. కొత్త కంపెనీవాళ్లు "బయౌట్ చేస్తాం, వచ్చేయండి" అంటారు, అంటే మిగిలిన నోటీస్ రోజులకు పాత కంపెనీకి కట్టాల్సిన డబ్బు వాళ్లే ఇస్తారన్నమాట. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే ఆ మాటకు వెంటనే ఊ కొట్టకండి. పాత ఆఫీసులో పని చేతికి అలవాటైందే, ఎవర్ని అడిగితే సెలవు దొరుకుతుందో తెలిసిందే. బిడ్డను డేకేర్‌కు అలవాటు చేయడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. కొత్త ఉద్యోగంలో చేరాక డేకేర్ మొదలుపెడితే బిడ్డకూ మీకూ ఒకే వారంలో కొత్త చోటు వచ్చిపడుతుంది. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

ఆఫర్ మీద సంతకం పెట్టకముందే హెచ్ఆర్‌ను ఈమెయిల్‌లో అడగండి: వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, ఏ క్యాంపస్‌కు, అమెరికా టీముతో కాల్స్ రాత్రి ఎన్నింటిదాకా, ప్రొబేషన్‌లో ఎన్ని సెలవులు, ఎన్ని నెలల్లోపు మానేస్తే జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాలి. ఫోన్లో చెప్పిన "ఫ్లెక్సిబుల్" లెక్కలోకి రాదు, మేనేజర్ మారితే అదీ మారుతుంది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (పనివేళల్లో పసిపిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పింది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా అదే చెబుతోంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. "ఉంది" అంటే సరిపోదు, ఎక్కడుంది, సీటు ఖాళీ ఉందా అని అడగాలి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఇంకో లెక్క: జీతంతో 26 వారాల సెలవు రావాలంటే, డాక్టరు చెప్పిన కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి.

డేకేర్ ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా? భార్యాభర్తలిద్దరూ వంతులవారీగా దింపి, తెచ్చుకోగలిగితే ఇంటి దగ్గరే మేలు. ఆఫీసు దగ్గర పెడితే ఆ పని ఎప్పటికీ ఒక్కరి నెత్తినే ఉంటుంది, పైగా వర్క్ ఫ్రమ్ హోమ్ రోజున కూడా వైట్‌ఫీల్డ్ నుంచి బెళ్లందూరుకు ట్రాఫిక్‌లో పోవాలి. ఏడాది నిండని పాలుతాగే బిడ్డయితే మాత్రం ఆఫీసు దగ్గరే. చేరబోయే ఆఫీసు నుంచి డేకేర్‌కు మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరింటికి ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం మ్యాప్ చూసి వేసిన అంచనా సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లోనే తేలిపోతుంది. పట్టిన సమయానికి అరగంట కలిపినా డేకేర్ మూసేలోపు చేరగలిగితేనే ఆ చోటు పనికొస్తుంది.

జాయినింగ్‌కు కనీసం ఆరు వారాల ముందు డేకేర్‌లో చేర్చండి. మొదటి వారం మీరు పక్కనుండగా రోజుకు గంట. రెండో వారం మీరు లేకుండా రెండు మూడు గంటలు, వెళ్లేటప్పుడు చెప్పే వెళ్లాలి. కళ్లుగప్పి జారుకుంటే మర్నాటి నుంచి బిడ్డ మీ చెయ్యి వదలదు. మూడో వారం మధ్యాహ్నం అన్నందాకా, నాలుగో వారం అక్కడే నిద్ర. అన్నిటికన్నా ఆలస్యమయ్యేది నిద్రే, కాబట్టి ఇంట్లో కప్పుకునే దుప్పటే పంపండి. బువ్వ, ఉచ్చ, నొప్పి... బిడ్డ దేన్ని ఏమంటుందో ఆయాకు చెప్పి, కాగితం మీద కన్నడలో రాయించండి.

మిగిలిన రెండు వారాలు జ్వరాలకు. నలుగురు పిల్లల్లోకి వెళ్లిన కొత్తలో జలుబు, దగ్గు మాటిమాటికీ వస్తాయి. జ్వరం తగ్గి 24 గంటలైతే గానీ చాలా డేకేర్‌లు రానివ్వవు. ఈ దఫా జ్వరాలు కొన్నైనా పాత ఆఫీసు సెలవుల్లో గడిచిపోవాలి.

అమ్మమ్మనో నాయనమ్మనో పిలిపించేది నాలుగో వారం దాటాకే. ఇంట్లో అమ్మమ్మ ఉండగా డేకేర్‌కు పదమంటే ఏ బిడ్డా కదలదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే. కాకినాడ వైపు నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లకు బుకింగ్ తెరిచిన రోజే చేయండి, కింది బెర్తు దొరుకుతుంది. రోజంతా బిడ్డను ఎత్తుకునే పని మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అప్పగించకండి, జ్వరం రోజులకు తోడుగా ఉంటే చాలు.

పాలిచ్చే తల్లులకు: బిడ్డకు 15 నెలలు నిండేదాకా పనివేళల్లో రెండు నర్సింగ్ విరామాలు చట్టం ఇచ్చిన హక్కు. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే ఒకచోట మరిగి ఒకచోట చల్లగా ఉండి బిడ్డ నోరు కాలుతుంది. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి సీసాను అందులో ఉంచండి.

డబ్బు సంగతి. కంపెనీ ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. రెండు ఉద్యోగాల మధ్య పది రోజులు ఊరికి వెళ్తే ఆ పది రోజులూ బిడ్డకు కవర్ ఉండదు. సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) తీసుకోవాలంటే రాజీనామాకు చాలా ముందే తీసుకోండి, కొత్త పాలసీలో ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిమ్ రాదు. ఆఖరి నెల జీతాన్ని సెటిల్‌మెంట్‌లో కలిపి ఆలస్యంగా ఇచ్చే కంపెనీలున్నాయి. నెల చివర్లో చేరితే కొత్త జీతం కూడా పైనెలకు పోవచ్చు. అందుకే రెండు నెలల అద్దె, డేకేర్ ఫీజు, ఈఎంఐ విడిగా పెట్టండి. పీఎఫ్ తీయకుండా, పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కిందే కొత్త ఖాతాకు బదిలీ చేయించండి. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే మార్చి తర్వాత పన్ను ఒక్కసారిగా మీద పడుతుంది.

ఇల్లు మారడం ఇదే నెలలో వద్దు. స్కూలు చేర్చాల్సిన ఏడాదైతే ప్రైవేటు బడుల అడ్మిషన్లు జూన్‌కు చాలా నెలల ముందే మొదలవుతాయి. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్న నిబంధన కూడా చూసుకోండి.

చేరిన మొదటి రోజే ఆఫీసు క్యాలెండర్‌లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా బ్లాక్ చేయండి. మూడో నెలలో చేస్తే అడ్డు చెప్పేవాళ్లుంటారు. డేకేర్ నుంచి ఫోన్ వస్తే ఎవరు వెళ్లాలో రోజులవారీగా పంచుకోండి, ఉదాహరణకు సోమ, బుధ, శుక్ర ఒకరు, మంగళ, గురు ఇంకొకరు. మొదటి నెల రోజులు మాత్రం కొత్త ఉద్యోగంలో చేరినవాళ్ల వంతు కూడా రెండోవాళ్లదే. ఆ సంగతి రెండోవాళ్లు తమ మేనేజర్‌కు ముందే చెప్పి పెట్టాలి.