గాజు గ్లాసులో పెసర, కంది

ఇంట్లోనే చదువుకునే చిన్నపిల్లలుంటే ఇది చేసి చూడండి. గాజు గ్లాసు లోపల తడిపిన పాత నూలుగుడ్డ చుట్టి, గుడ్డకూ గాజుకూ మధ్య నాలుగు పెసలు, నాలుగు కందులు పెట్టండి. పప్పు కాదు, పొట్టుతో ఉన్న గింజలే. అడుగున కొంచెం నీళ్లు చాలు, మునిగితే కుళ్లిపోతాయి, మాకు మొదటిసారి అదే అయింది. పెసలకు రెండో రోజుకే మొలక కనిపిస్తుంది, కందులకు ఇంకాస్త ఓపిక కావాలి. పెసర మొలక తన రెండు బద్దల్ని పైకి మోసుకొస్తుంది. కంది మాత్రం కిందే వదిలేస్తుంది. ఈ తేడా మా పాపే ముందు పట్టేసింది! రోజూ మొలకను దారంతో కొలిచి, ఆ ముక్కను గోడకు అంటిస్తున్నాం. లెక్కల పాఠం అదే. మన పాలమూరు చేలల్లో కనిపించే ఆముదం గింజలు మాత్రం వాడకండి. నమిలితే విషం.