పీ53 పాఠాలు - 3: బ్యాండ్ చిక్కబడితే ఏమని చదవాలి?

పీ53 అంటే డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణ విభజనకు అడ్డుపడే ప్రోటీన్. ఈసారి దాన్ని చూపించే వెస్టర్న్ బ్లాట్ చదవడం నేర్చుకుందాం; అంటే కణాల్లోని ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి, మనకు కావాల్సినదాన్ని ఒక చారగా (బ్యాండ్) చూపించే పరీక్ష.

మన బ్లాట్‌లో రెండు లేన్లు, అంటే ఒక్కో శాంపిల్‌కి ఒక్కో వరుస. మొదటి దాంట్లో మామూలు కణాలు; 53 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువుకు కొలత) దగ్గర పీ53 బ్యాండ్ ఉందా లేదా అన్నంత పలచగా ఉంది. రెండో దాంట్లో గామా కిరణాలు తగిలి డీఎన్ఏ తెగిన కణాలు, బ్యాండ్ నల్లగా, దట్టంగా ఉంది. కింద యాక్టిన్ (కణాలన్నిట్లో ఇంచుమించు ఒకేలా ఉండే ప్రోటీన్) రెండిట్లోనూ సమానమే, కాబట్టి శాంపిల్ ఎక్కువతక్కువలు పోశామన్న అనుమానం అక్కర్లేదు.

చాలామంది ఇక్కడే తొందరపడి "కణం పీ53ని ఎక్కువ తయారుచేసింది" అని రాసేస్తారు. ఆగండి. తొట్టిలో నీళ్ళు పెరిగాయంటే పంపు ఇంకాస్త తిప్పి ఉండొచ్చు, లేదా అడుగున కారే చిల్లి మూసి ఉండొచ్చు. పీ53 విషయంలో ముఖ్యంగా జరిగేది రెండోది. మామూలు కణం కూడా పీ53ని తయారుచేస్తూనే ఉంటుంది, కానీ ఎండీఎం2 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ల గొలుసు తగిలిస్తుంది, ఆ గొలుసు ఉన్నదాన్ని ప్రోటియాసోమ్ లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది, అందుకే చాలా కణాల్లో తయారైన పీ53లో సగం అరగంటైనా నిలవదు. డీఎన్ఏ తెగినప్పుడు ఏటీఎం అనే ఎంజైమ్ పీ53, ఎండీఎం2 రెండిటి మీదా ఫాస్ఫేట్లు పెట్టిస్తుంది, ఎండీఎం2 పట్టు సడలుతుంది, పీ53 పోగుపడుతుంది.

దీన్ని రుజువు చేయాలంటే సైక్లోహెక్సిమైడ్ వాడతారు. అది కొత్త ప్రోటీన్ తయారీని ఆపేస్తుంది కాబట్టి ఇక కనిపించేది తరుగుదల ఒక్కటే. 0, 15, 30, 60 నిమిషాలకు రెండు రకాల కణాల్లోనూ బ్యాండ్లు ఎలా ఉంటాయో ఇప్పుడే పెన్సిల్‌తో గీయండి. మామూలు కణాల్లో గబగబా చెరిగిపోవాలి, కిరణాలు తగిలినవాటిలో నిలబడాలి.

ఇంకోటి. కొన్ని గంటల తర్వాత ఎండీఎం2 బ్యాండ్ కూడా పెరిగితే కంగారుపడకండి. ఎండీఎం2 జన్యువును ఆన్ చేసేది పీ53యే, అంటే తనను తుంచేవాడిని తనే పిలుచుకుంటుంది. ఈ కట్టడి ఎంత అవసరమో 1995లో ఎలుకల్లో తేలింది: ఎండీఎం2 జన్యువు తీసేస్తే పిండ దశలోనే చనిపోయాయి, దాంతోపాటు పీ53 జన్యువు కూడా తీసేస్తే బతికాయి. ఈ ఫలితం ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంటిపని: ఒక కణితి శాంపిల్‌లో, ఏ కిరణాలూ తగలకుండానే, పీ53 బ్యాండ్ దట్టంగా ఉంది. కానీ పీ53 ఆన్ చేయాల్సిన పీ21 (కణ విభజనను ఆపే ప్రోటీన్) బ్యాండ్ అసలు లేదు, ఎండీఎం2 కూడా అంతంతమాత్రమే. ఆ పీ53కి ఏమై ఉంటుంది? జవాబు కాగితం మీద రాసుకున్నాకే నాలుగో పాఠం తెరవండి.