ద్రాక్షతోట వాళ్ల దగ్గర ఆర్గానిక్ వైన్ రుచి చూడటం ఎలా, ఏ తిండితో తాగాలి

ఒక కుటుంబం సొంతంగా నడుపుకునే చిన్న ద్రాక్షతోటకి వైన్ రుచి చూడటానికి వెళ్తున్నారా? అయితే ముందే ఒక మాట. ప్రతి వైన్‌నీ రెండుసార్లు రుచి చూడండి, ఒకసారి ఉత్తగా, ఇంకోసారి ఏదైనా తింటూ. ఉత్తగా తాగినప్పుడు పళ్లు పులిసిపోయేలా ఉందని పక్కన పెట్టేసిన తెల్ల వైనే, ఉప్పగా నూనెగా ఉన్న ముక్క ఒకటి నోట్లో పడ్డాక ఎంత హాయిగా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు. మొదటి గుటకకే బోలెడు మెచ్చుకున్న వైన్ భోజనంలో బరువుగా తయారై సగం గ్లాసు మిగిలిపోవడం కూడా మామూలే. ఏ సీసా కొనాలో తేల్చేది ఆ రెండో గుటకే.

రుచి దాకా వెళ్లేముందు ఆర్గానిక్ అంటే ఏంటో తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ మాట తోటని ఎలా పెంచారో చెబుతుంది, వైన్ బాగుంటుందో లేదో చెప్పదు. కృత్రిమ ఎరువులు, కలుపు మందులు, కృత్రిమ పురుగుమందులు వాడరు. అలాగని ఏ మందూ కొట్టరని కాదు. ద్రాక్షకి తెగుళ్ల బెడద ఎక్కువ, అందుకే బూడిద తెగులుకి గంధకం, బూజు తెగులుకి రాగి వాడటానికి ఆర్గానిక్ రైతులకీ అనుమతి ఉంది. మైలుతుత్తం (రాగి ఉండే లవణం), సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం 1880ల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లో పుట్టిందే. రాగి నేలలో పేరుకుపోతుంది కాబట్టి యూరోపియన్ యూనియన్ దానికి పరిమితి పెట్టింది, హెక్టారుకి 7 ఏళ్లలో మొత్తం 28 కిలోలు దాటకూడదు.

ఇక సల్ఫైట్లు. వైన్ చెడిపోకుండా కాపాడటానికి వేసేవి ఇవి. యూరప్‌లో 2012 పంట నుంచే సీసా మీద ఆర్గానిక్ వైన్ అని రాసుకోవడానికి వీలైంది, అంతకుముందు ఆర్గానిక్ ద్రాక్షతో చేసిన వైన్ అని మాత్రమే రాసేవారు. అక్కడ తీపి లేని ఎర్ర వైన్‌లో లీటరుకి 100 మిల్లీగ్రాములు, తెల్ల వైన్‌లోనూ, గులాబీ రంగులో ఉండే రోజే వైన్‌లోనూ 150 మిల్లీగ్రాములు దాటకూడదు. మామూలు వైన్లకైతే ఆ లెక్క 150, 200. అమెరికాలో ఆర్గానిక్ వైన్ అనాలంటే సల్ఫైట్లు అసలు కలపకూడదు, కలిపితే ఆర్గానిక్ ద్రాక్షతో చేసినది అని రాయాలి. ఒకే మాటకి రెండు చోట్ల రెండు అర్థాలన్నమాట, కాబట్టి లేబుల్ ఏ దేశానిదో చూసుకోండి. ద్రాక్షరసాన్ని పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్ కూడా పులిసేటప్పుడు కొంచెం సల్ఫైట్ తయారు చేస్తుంది కాబట్టి అవి బొత్తిగా లేని వైన్ దొరకడం కష్టం. ఆర్గానిక్ కదా, ఎంత తాగినా తలనొప్పి రాదు అనే మాట మాత్రం నమ్మకండి. అందులో ఉన్నదీ అదే ఆల్కహాల్.

చిన్న కుటుంబాల దగ్గరికి చెప్పకుండా వెళ్లొద్దు, ముందు ఫోన్ చేయండి. గ్లాసులో వైన్ పోసే మనిషే పొద్దున తీగలు కత్తిరించి వచ్చి ఉంటారు, కోత రోజుల్లో అయితే వాళ్లకి తినడానికే టైమ్ ఉండదు. పరగడుపున వెళ్లకండి. సెంటు పూసుకోకండి, మీకే కాదు పక్కవాళ్లకి కూడా వైన్ వాసన తెలియకుండా పోతుంది. బయల్దేరే ముందే పళ్లు తోముకుని కాఫీ తాగి వెళ్తే నాలుక అరగంట దాకా దారికి రాదు. బండి నడిపేవాళ్లు ఎవరో ముందే అనుకోండి. అక్కడ ఉమ్మడానికి ఒక పాత్ర పెడతారు, మొహమాటం లేకుండా వాడండి. అది వాళ్లని అవమానించినట్టు కాదు, వైన్ చేసేవాళ్లు కూడా రోజూ అలాగే రుచి చూస్తారు. ఐదారు రకాలు చాలు, ఆ తర్వాత ఏది ఏదో నాలుకకి తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లని మాట్లాడించండి. కుటుంబం నడిపే తోటలో ఉన్న పెద్ద సుఖం అదే, మీ ప్రశ్నకి జవాబు చెప్పేది ఆ తీగ నాటిన మనిషో, వాళ్ల కూతురో. ద్రాక్ష అంతా మీ తోటదేనా, బయట కూడా కొంటారా? ఈస్ట్ ప్యాకెట్‌లో తెచ్చి వేస్తారా, పళ్ల మీదా వైనరీలోనూ ఉన్నదానితోనే పులియనిస్తారా? సల్ఫైట్ ఎప్పుడు వేస్తారు, ఎంత? ఈ ఏడాది వానలు ఎలా పడ్డాయి? ఈ ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. ముసురు పట్టిన ఏడాది ఆర్గానిక్ తోటకి పెద్ద పరీక్ష, వాన కడిగేసిన మందుని మళ్లీ కొట్టాలి, పంటలో కొంత పోతుంది, మిగిలిన దాంట్లో కుళ్లిన పళ్లు చేత్తో ఏరాలి. ఆ కథ విన్నాక, ఒకే వైన్ రెండు సంవత్సరాలది పక్కపక్కన పోయించుకుని తాగితే తేడా ఇట్టే తెలుస్తుంది. ఇంకొకటి, సర్టిఫికెట్ రావాలంటే ముందు 3 ఏళ్లు తోటని ఆ పద్ధతిలోకి మార్చాలి, ఖర్చూ కాగితాల పనీ ఉంటాయి. అందుకే కొన్ని కుటుంబాలు పద్ధతి పాటిస్తూ కూడా సర్టిఫికెట్ తీసుకోవు. అలాంటప్పుడు ఏ మందులు కొడతారో సూటిగా అడగండి. నిజాయితీగా పండించేవాళ్లు దాచకుండా చెబుతారు.

ఇప్పుడు గ్లాసు. ముందు నురగ వైన్, తర్వాత తీపి లేని తెల్ల వైన్, రోజే, తేలికపాటి ఎరుపు, గాఢమైన ఎరుపు, చివర తీపి వైన్. ఈ వరసలో తాగితే ముందుది తర్వాతదాన్ని మింగేయదు. 50 మిల్లీలీటర్లు పోస్తే చాలు. గ్లాసుని కాడ దగ్గర పట్టుకోండి, చేతి వేడి తగలకూడదు. తేలికపాటి తెల్ల వైన్ 8 నుంచి 10 డిగ్రీలు, గాఢమైన ఎరుపు 16 నుంచి 18 డిగ్రీల దగ్గర బాగుంటుంది. మరీ చల్లగా ఉంటే వాసన బయటికి రాదు, వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతుంది. రంగు మసకగా ఉన్నా, అడుగున మడ్డి ఉన్నా కంగారు పడొద్దు, వడకట్టకుండా సీసాలో నింపితే అలాగే ఉంటుంది. గాజు పెంకుల్లా మెరిసే చిన్న స్ఫటికాలు కనిపిస్తే అవి ద్రాక్షలో సహజంగా ఉండే ఆమ్లం గడ్డకట్టినవే, హాని లేదు.

గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి, తిప్పి ఇంకోసారి చూడండి. పెద్ద పెద్ద పేర్లు వెతుక్కోవద్దు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్‌లో ఆన్ నోబుల్ 1984లో తయారుచేసిన వాసనల చక్రం కూడా ఇదే దారి చూపిస్తుంది, మొదట పండా, పువ్వా, ఆకా, మసాలానా అని పెద్ద గుంపు పట్టుకుని, పండైతే నిమ్మజాతా, ఎర్ర పండా, ఎండు పండా అని లోపలికి వెళ్లడం.

తర్వాత ఒక గుటక తీసుకుని నోరంతా తిప్పండి. నాలుగు విషయాలు గమనిస్తే చాలు. నోట్లో ఎంత నీళ్లూరుతున్నాయో అదే పులుపు లెక్క. నాలుక పిడచకట్టుకుపోయి చిగుళ్లు గరుకుగా తగిలితే అది టానిన్, తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తుంది. దీనికి మనకి వగరు అనే మాట చాలు. గొంతులో వెచ్చదనం ఆల్కహాల్. ఇక తీపి ఉందా లేదా అన్నది. మింగాకో ఉమ్మాకో రుచి ఎంతసేపు నిలుస్తుందో లోపల లెక్కపెట్టుకోండి, మంచి వైన్ తొందరగా వదిలిపోదు.

సల్ఫైట్లు తక్కువ వేసిన వైన్లలో లోపాలు రావచ్చు, ఆర్గానిక్ అనే గౌరవంతో వాటిని భరించక్కర్లేదు. వెనిగర్ లేదా నెయిల్ పాలిష్ తీసే ద్రావకం వాసన, గుర్రపుశాల వాసన, కోసి వదిలేసిన యాపిల్ వాసన ఘాటుగా ఉంటే వైన్ దెబ్బతిన్నట్టే. కుళ్లిన గుడ్డు వాసన మాత్రం గ్లాసు బాగా తిప్పితే చాలాసార్లు పోతుంది, కాసేపు ఆగండి. మోసం చేసేది ఇంకొకటి ఉంది. గ్లాసులో ఏమీ తెలియదు, మింగిన కొన్ని సెకన్లకి ఎలుక గూడు లాంటి వాసన వెనక నుంచి వస్తుంది. వైన్ పులుపులో అణిగి ఉన్న ఆ వాసన లాలాజలం కలిసి పులుపు తగ్గాక బయటపడుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా వల్ల వచ్చిన దోషం, ఆ ఒక్క సీసాది. ఇంకో సీసా తెరుస్తారా అని మెల్లగా అడగండి, ఏమీ అనుకోరు.

తిండితో జత కుదరడం పుస్తకం చదివితే రాదు, ఒక పళ్లెం పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే వస్తుంది. తీపి లేని తెల్ల వైన్ ఒకటి, వగరుగా ఉండే ఎరుపు ఒకటి పోసుకోండి. పళ్లెంలో ఉప్పు అద్దిన నిమ్మ ముక్క, గట్టి చీజ్, తీపి బిస్కెట్, కారంగా ఉండేది ఏదైనా పెట్టుకోండి. ఒక్కోటీ కొరికి రెండు వైన్లూ తాగండి. ఉప్పూ పులుపూ తిన్నాక వైన్ మెత్తబడుతుంది. బిస్కెట్ తిన్నాక అదే వైన్ పుల్లగా, పలచగా అయిపోతుంది. చీజ్‌లోని కొవ్వూ మాంసకృత్తులూ ఎరుపులోని వగరుని లాగేస్తాయి. కారం తిన్నాక ఎరుపు తాగితే నోరు ఇంకా మండుతుంది, ఎందుకంటే కారం ఏ నరాల్ని రేపుతుందో ఆల్కహాల్ కూడా వాటినే రేపుతుంది. ఇక్కడిదాకా నాలుకకి తెలిస్తే మిగతా సూత్రాలన్నీ వీటి నుంచే పుడతాయి.

అందుకే కారపు వంటలకి ఆల్కహాల్ తక్కువగా, కొంచెం తీపిగా ఉండే రీస్లింగ్ లాంటి తెల్ల వైన్ మంచిది. వేపుళ్లకి నురగ వైన్, దాని పులుపు నూనెని కడిగేస్తుంది. నిప్పుల మీద కాల్చిన మాంసానికి కాబెర్నే సోవిన్యోన్ లాంటి వగరు ఎరుపు. ఫ్రాన్స్‌లో లువార్ నది దగ్గరి సాన్సేర్ ఊళ్ల సోవిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌తో అక్కడి షవిన్యోల్ మేక చీజ్ తినడం పాత అలవాటు, రెండింటి పులుపూ సమంగా ఉండటమే కారణం. పుట్టగొడుగులకి పీనో నువార్ అనే తేలికపాటి ఎరుపు పెట్టండి, వగరు ఎక్కువున్న ఎరుపైతే చేదెక్కుతుంది. చేపతో ఎర్ర వైన్ తాగితే ఒక్కోసారి ఇనుము నాకినట్టు ఉంటుంది, వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలవడం వల్ల అది. మిఠాయికి దానికంటే తియ్యటి వైనే కావాలి. తీపి వైన్‌తో ఉప్పటి నీలి చీజ్ (నీలి బూజు చారలుండే బ్లూ చీజ్) ఒక్కసారైనా తిని చూడండి, నాకైతే అంతకు మించిన జత లేదు. వెనిగర్ పోసిన సలాడ్, పచ్చసొన కారే గుడ్డు దాదాపు ప్రతి వైన్‌నీ పాడు చేస్తాయి, వాటితో నీళ్లు తాగండి.

కొనేటప్పుడు ఫోన్‌లో ఒక్కో వైన్‌కి రెండు ముక్కలు రాసుకోండి, ఉత్తగా ఎలా ఉంది, దేనితో బాగుంది. చీకటిగా, చల్లగా ఉండే చోట సీసాల్ని పడుకోబెట్టి దాచండి. తెరిచాక ఎరుపైనా సరే మూత బిగించి ఫ్రిజ్‌లోనే పెట్టి మూడు నాలుగు రోజుల్లో పూర్తి చేయండి, తాగే అరగంట ముందు బయట పెడితే చాలు. సల్ఫైట్ కలపనిదైతే మర్నాటికి మించి ఉంచకండి.