సారాంశం కాదండీ, ప్రతిపదార్థం: విదేశాల్లో నవలల మీద, సినిమాల మీద వ్యాసాలు రాయబోయే మన పిల్లలకు

ఆగస్టు వచ్చిందంటే రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు ఇళ్లలో పెట్టెలు తూకం వేసే పని మొదలవుతుంది. 23 కిలోల పెట్టెలో ఆవకాయ ఎంత పట్టుద్ది, ఆత్రేయపురం పూతరేకులు విరక్కుండా ఎలా సర్దాలి, కుక్కరు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని ఇంటిల్లిపాదీ చర్చ. ఇదివరకు అందరూ కంప్యూటర్ కోర్సులకే వెళ్లేవారు. ఇప్పుడు ఇంగ్లీషు, మీడియా, ఫిల్మ్ స్టడీస్ అంటూ వెళ్లేవాళ్లూ నా దగ్గరికి వస్తున్నారు. అమెరికాలో డిగ్రీకి వెళ్తే మీరు ఏ సబ్జెక్టు తీసుకున్నా చాలా కాలేజీల్లో మొదటి ఏడాది రైటింగ్ కోర్సు తప్పదు. అందులో ఏదో ఒక నవల మీదో, సినిమా మీదో, చివరికి సబ్బు ప్రకటన మీదో వ్యాసం రాయమంటారు. పెట్టె సర్దేటప్పుడు ఈ వ్యాసం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

నా మొదటి వ్యాసం ఇంగ్లండ్‌లో, ఒక నవల మీద. 1500 పదాలు. పదో తరగతి తెలుగు పేపరు రాసినట్టే రాశాను. ముందు రచయిత ఎక్కడ పుట్టాడు, ఏమేం రాశాడు. తర్వాత కథ, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క పాత్రను కూడా వదలకుండా. ఆఖర్న "ఈ విధంగా రచయిత సమాజానికి చక్కని సందేశం ఇచ్చారు". ఊళ్లో అయితే పదికి తొమ్మిది గ్యారంటీ. అక్కడ నూటికి 42 వచ్చాయి. మార్జిన్‌లో మా మేడమ్ రెండే వాక్యాలు రాశారు: ఈ కథ నాకు తెలుసు, నువ్వేం చూశావో చెప్పు.

ఆ రెండో ముక్క అర్థం కావడానికి నాకు ఒక టర్మ్ మొత్తం పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. వాళ్లు అడుగుతున్నది మనకు రానిదేం కాదు. మన తెలుగు మాస్టారు పద్యం చెప్పేటప్పుడు ప్రతిపదార్థం చెప్పించేవారు కదా, అదే. తామరపువ్వుకి పద్మం అనొచ్చు, కమలం అనొచ్చు. కవి పంకజం అన్నాడంటే అది బురదలోంచి పుట్టిందన్న సంగతి కావాలనే మనకు గుర్తు చేస్తున్నాడేమో చూడాలి. ఆ మాటే ఎందుకు, అక్కడే ఎందుకు అని అడగడమే వాళ్లు చెప్పే క్లోజ్ రీడింగ్. మనం పరీక్షల కోసం తాత్పర్యం బట్టీ పట్టి, ప్రతిపదార్థాన్ని ఛాయిస్‌లో వదిలేశాం. విదేశాల్లో లెక్క తిరగబడుతుంది. తాత్పర్యం రెండు వాక్యాల్లో తేల్చేసి, మిగతా వ్యాసమంతా ప్రతిపదార్థం రాయాలి. సందర్భసహిత వ్యాఖ్యల్లో చివర "విశేషం" అని ఒకటి రాసేవాళ్లం, గుర్తుందా? ఒక్క ముక్కతో సరిపెట్టేసేవాళ్లం. అక్కడ మార్కులన్నీ ఆ విశేషానికే.

మాటల్లో చెబితే గాల్లో ఉంటుంది కాబట్టి మనకు తెలిసిన సినిమానే తీసుకుందాం. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన మూగమనసులు గోదారి మీద నడిచే కథ. పడవ నడిపే గోపి, జమీందారు కూతురు రాధ. దీని మీద వ్యాసం రాయమంటే మొదట తోచే వాక్యం "మూగమనసులు గోదావరి నేపథ్యంలో సాగే గొప్ప ప్రేమకథ". ఇది పోస్టరు మీద రాసుకోవచ్చు, థీసిస్ (అంటే వ్యాసమంతా నిలబెట్టాల్సిన వాదన, ఒక్క వాక్యంలో) కాదు. కొంచెం ఆలోచిస్తే "ఈ సినిమా పేదా గొప్పా తేడాను చూపిస్తుంది" అని వస్తుంది. నిజమే, కానీ ఎవరు కాదంటారు? ఎవరూ కాదనని మాట మీద 1500 పదాలు ఎలా రాస్తారు?

ఇప్పుడు ప్రతిపదార్థానికి రండి. గోపి రాధను "అమ్మాయిగారూ" అని పిలుస్తాడు. ఈ ఒక్క మాట విప్పండి. అమ్మాయి అంటే చనువు, ఇంట్లో పిల్లని పిలిచినట్టు. గారు అంటే దూరం, గడప బయట నిలబడి మాట్లాడినట్టు. చనువూ దూరమూ ఒకే పిలుపులో ఉన్నాయి. గోపి మనసు కూడా అంతే, దగ్గరికి వెళ్లాలనీ ఉంటుంది, వెళ్లకూడదనీ ఉంటుంది. ఆ ఇద్దరూ కలవాలంటే సినిమాకి ఇంకో జన్మ కావలసి వచ్చింది. అప్పుడు థీసిస్ ఇలా తయారవుతుంది: "మూగమనసులు అంతరాన్ని చూసి బాధపడుతుంది గానీ దాన్ని ఈ జన్మలో చెరపడానికి సిద్ధంగా లేదు, పిలుపులోని 'గారు'ని తీసేయడం కన్నా మనుషుల్ని మళ్లీ పుట్టించడమే దానికి తేలిక." ఇది తప్పు కావచ్చు. మా మేనమామ అయితే "అదేం కాదెహె, పునర్జన్మ లేకపోతే ఆ సినిమా ఎవడు చూస్తాడు" అంటాడు. అనాలి. కాలవ గట్టు మీద కూర్చున్న మనిషి ఎవరైనా కాదని వాదించగలిగితే అది థీసిస్. ఆయన వాదనను కూడా ఒక పేరాలో పెట్టి జవాబు చెబితే ఇంకా మంచిది.

తెలుగు సినిమా మీద రాసేటప్పుడు ఇంకో సంగతి ఉంది. సబ్‌టైటిల్‌లో ఆ పిలుపు "మేడమ్" అనో "మిస్" అనో వస్తే సగం ప్రాణం పోతుంది. మీ టీచరుకి "గారు" సంగతి తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదు కాబట్టి రెండు వాక్యాల్లో మీరే చెప్పాలి. డైలాగును మీరే ఇంగ్లీషులోకి మార్చి, అనువాదం నాదే అని పక్కన రాస్తే నియమాలు ఒప్పుకుంటాయి. తెలుగు తెలియడం అక్కడ లోటు అనుకుని దాచిపెట్టుకునే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. క్లాసులో ఇంకెవరికీ వినపడని మాట మీకు వినపడుతోంది.

కథ చెప్పేటప్పుడు ఏ కాలంలో రాయాలి అని చాలామందికి టెన్షన్. నవలలో, సినిమాలో జరిగేదాన్ని ఇంగ్లీషులో వర్తమాన కాలంలో రాస్తారు. ఇది మనకు కొత్త కాదు. సెకండ్ షో చూసొచ్చి తమ్ముడికి కథ చెప్పేటప్పుడు "అప్పుడు హీరో వస్తాడు, తలుపు తంతాడు" అంటాం గానీ "వచ్చెను, తన్నెను" అనం కదా. అదే పద్ధతి. రచయిత జీవితం, సినిమా విడుదలైన ఏడాది లాంటివి మాత్రం భూతకాలంలోనే.

థియరీ గురించి ఎక్కువ చెప్పను. సినిమా విమర్శకురాలు లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం చదవమంటారు. కెమెరా ఆడమనిషిని మగచూపుతో ఎలా చూపిస్తుందన్నది అందులో విషయం. మీడియా, సంస్కృతి మీద రాసిన పండితుడు స్టువర్ట్ హాల్ 1973లో చెప్పిన ఎన్‌కోడింగ్, డీకోడింగ్ కూడా వస్తుంది. తీసినవాళ్లు ఒక అర్థం పెడితే, చూసేవాళ్లు దాన్ని అలాగే తీసుకోవచ్చు, కొంత తీసుకుని కొంత వదిలేయొచ్చు, ఎదురు తిరగొచ్చు అంటాడాయన. నేల టిక్కెట్టులో కూర్చున్న మనకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. విలన్ డైలాగుకి ఈలలు పడటం మనం చూడలేదా? థియరీ పేరు రాసినంత మాత్రాన మార్కులు రావు. దాని వల్ల ఆ సీనులో ఇదివరకు కనపడనిది ఏం కనపడిందో రాయాలి.

ఇక అభిమానం. గోదావరి జిల్లాల్లో పుట్టి ఏ హీరో పార్టీ కాకుండా పెరగడం కష్టం. మీ హీరో సినిమా మీద రాయొద్దని అనను. అవతలి హీరో అభిమాని చదువుతున్నాడని మనసులో పెట్టుకుని రాయండి, విశేషణాలు వాటంతటవే రాలిపోతాయి. వెటకారం కూడా కాస్త తగ్గించుకోవాలి. మనకది నీళ్లతో పాటు వచ్చిందే గానీ కాగితం మీద ఇంగ్లీషులో పెడితే నిజంగానే అంటున్నామనుకుంటారు. నేను ఒక పాత్రని "మహానుభావుడు" అని ఎత్తిపొడిస్తే, మా ట్యూటరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఎందుకు మెచ్చుకుంటున్నావు అని రాశారు.

పేర్ల దగ్గర ఒక చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. ఆదుర్తి సుబ్బారావులో ఇంటిపేరు ఆదుర్తి, మాలపల్లి రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణకి ఇంటిపేరు ఉన్నవ. వ్యాసం చివర ఇచ్చే పుస్తకాల జాబితాలో అక్కడి పద్ధతి ప్రకారం పేరులో చివరి మాటను ఇంటిపేరు అనుకుని ముందుకు తెస్తారు. మనవాళ్ల పేర్లను అలా తిరగేస్తే తప్పవుతుంది. మీ యూనివర్సిటీ లైబ్రరీ కేటలాగులో ఎలా ఉందో చూసి, వ్యాసమంతా ఒకే తీరుగా రాయండి. అనుమానం ఉంటే లైబ్రేరియన్‌ని అడగండి, సంతోషంగా చెబుతారు. ఇంకొకటి, వ్యాసంలో ఎవరికీ "గారు" పెట్టక్కర్లేదు. మొదట్లో నాకు అపచారం చేసినట్టు అనిపించింది, వారంలో అలవాటైపోయింది.

ఏ మాట ఎక్కడి నుంచి తీసుకున్నామో చూపించడానికి కొన్ని పద్ధతులున్నాయి, సాహిత్యానికి ఎక్కువగా ఎమ్‌ఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి అడుగుతారు. తొమ్మిదో ఎడిషన్ 2021లో వచ్చింది. మీడియా కోర్సుల్లో ఏపీఏ ఏడో ఎడిషన్ ఉండొచ్చు. బ్రిటన్‌లో హార్వర్డ్ అంటారు గానీ అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మీ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కాగితమే ప్రమాణం. పుస్తకానికి పేజీ నంబరు ఇచ్చినట్టు ఎమ్‌ఎల్‌ఏలో సినిమాకి గంట, నిమిషం, సెకను ఇస్తారు. యూట్యూబ్‌లో పాత సినిమాల ప్రింట్లు కొన్ని కోసేసి ఉంటాయి కాబట్టి మీరు ఏది చూశారో రాసుకోండి.

పాపులర్ కల్చర్ అని పేపరు ఉంటే సంబరపడండి. సంక్రాంతికి భీమవరం రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీలు చాలవూ? ఎవరి ఫొటో పెద్దది, ఎవరివి కింద వరసలో చిన్న చిన్న గుండ్రాల్లో ఉన్నాయి, హీరో బొమ్మ పక్కన కోడిపుంజు ఎందుకుంది, స్వాగతం ఎవరికి, ఖర్చు ఎవరిది? ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో ఆ గుడ్డ మీద రాసే ఉంది. కనుమ అయిపోయాక దాన్ని ఎవరు తీసుకెళ్లి పశువుల పాక మీద కప్పుకుంటారు అన్నదీ వ్యాసంలో భాగమే. ఒక్క జాగ్రత్త. ఊరివాళ్లను ఇంటర్వ్యూ చేసి వ్యాసంలో వాడాలంటే బ్రిటన్ యూనివర్సిటీల్లో ముందుగా ఎథిక్స్ అనుమతి తీసుకోవాలి. సెలవులకి ఊరొచ్చి, బాబాయిల మాటలు రికార్డు చేసుకుని వెళ్లాక అడిగితే కుదరదు.

గైడు అలవాటు మాత్రం గోదారిలో కలిపేసి విమానం ఎక్కండి. ఇక్కడ గైడులో ఉన్నది ఉన్నట్టు దింపితే తెలివైన పిల్ల అంటారు, అక్కడ దొంగతనం అంటారు. వేరేవాళ్ల వాక్యమే కాదు, ఆలోచన తీసుకున్నా పేరు చెప్పాలి. టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ మీ వ్యాసం ఎక్కడెక్కడ ఏ పాఠ్యంతో కలుస్తోందో శాతంలో చూపిస్తుంది. ఆ శాతం తీర్పు కాదు. మీరు కొటేషన్ గుర్తుల్లో పెట్టిన మాటలూ అందులో లెక్కకు రావచ్చు, కాబట్టి అంకె చూసి కంగారు పడకండి. ఏఐ ఎంతవరకు వాడొచ్చు అన్నది కోర్సుని బట్టి మారుతుంది. రాసి ఉంటే చదవండి, లేకపోతే మెయిల్ పెట్టి అడిగి, జవాబు దాచుకోండి.

మీరు దిగిన నెలలోపే వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది. "మన తెలుగువాళ్లమే, అసైన్‌మెంట్లు చేసిపెడతాం, తక్కువకే" అని. నాకూ వచ్చింది. నాతో పాటు ఉన్న అబ్బాయి డబ్బు కట్టాడు. వచ్చిన వ్యాసం పనికిరానిది, పైగా ఇంకా డబ్బు పంపకపోతే యూనివర్సిటీకి చెబుతామని బెదిరించారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి సేవ అమ్మడం, దానికి ప్రకటన ఇవ్వడం 2022 చట్టంతో నేరం. కొన్న విద్యార్థిని యూనివర్సిటీ తన నియమాల ప్రకారం శిక్షిస్తుంది. చదువు నుంచి తీసేస్తే ఆ సంగతి యూనివర్సిటీయే వీసావాళ్లకు తెలియజేయాలి. ఎకరం అమ్మి పంపిన నాన్నకి ఆ ఫోను ఎలా చేస్తారు?

మార్కుల గురించి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి వెళ్లండి. బ్రిటన్‌లో డిగ్రీకి పాస్ 40, 60 దాటితే మంచి మార్కు, 70 వస్తే ఫస్ట్ క్లాస్. ఇంటర్‌లో 980 తెచ్చుకున్న పిల్లకి 62 వచ్చాయంటే మా అమ్మ లాంటివాళ్లు మొక్కులు మొదలుపెడతారు.

టీచర్లకి వారంలో కొంత సమయం ఆఫీస్ అవర్స్ అని ఉంటుంది. తిట్టడానికి పిలుస్తారని మనం వెళ్లం. మీరు వెళ్లండి. సర్ అనకుండా పేరు పెట్టి పిలవమంటారు, నోరు రాదు. "హలో" తో సరిపెట్టి విషయంలోకి దిగిపోండి. మొత్తం వ్యాసం పట్టుకెళ్లక్కర్లేదు, థీసిస్ వాక్యం ఒక్కటి రాసుకెళ్లి చూపిస్తే చాలు. రైటింగ్ సెంటర్ అని ఉచితంగా ఉంటుంది, వాళ్లు మీ ఇంగ్లీషు దిద్దిపెట్టరు, మీ వాదన ఎక్కడ జారుతోందో చూపిస్తారు.

గడువు విషయం ఒకటి మిగిలింది. చాలాచోట్ల మధ్యాహ్నం 12 గంటలకు ఆన్‌లైన్‌లో తలుపు మూసుకుంటుంది, ఒక్క నిమిషం దాటినా ఆలస్యం కిందే రాస్తారు. ఇంట్లోవాళ్లు ఊరి టైము ప్రకారం ఫోన్ చేస్తుంటారు కాబట్టి లెక్క తెలుసుకోండి. సెప్టెంబరులో ఇంగ్లండ్‌కి మనకి తేడా నాలుగున్నర గంటలు, అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి అయిదున్నర. జ్వరం వచ్చినా, మనసు బాగోకపోయినా గడువు దాటాక కాదు, దాటకముందే పొడిగింపు అడగాలి. ఫైలు ఎక్కించాక రసీదు మెయిల్ వస్తుంది. వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడు అన్నం వండుకోండి.