పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ప్రాధాన్య ఓటు వేయడం ఎలా?

శాసన మండలి పట్టభద్రుల స్థానానికి ఓటు వేసేటప్పుడు ఈవీఎం ఉండదు. అభ్యర్థుల పేర్లున్న బ్యాలెట్ పత్రాన్నీ, ఊదారంగు స్కెచ్ పెన్నునూ పోలింగ్ సిబ్బందే ఇస్తారు. మీకు అందరికంటే నచ్చిన అభ్యర్థి పేరు ఎదుటి గడిలో 1 అంకె వేసి, తర్వాత మీ ఇష్టాన్ని బట్టి 2, 3 అంటూ ఎంతవరకైనా వేసుకుంటూ పోవచ్చు. 1 లేని ఓటు చెల్లదు. దాన్ని ఇద్దరికి వేసినా, టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, సంతకం చేసినా అంతే. చదువుకున్నవారి ఓట్లు ఇలా మురిగిపోవడం బాధాకరం.

చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి కలిపితే గెలుపు కోటా వస్తుంది. లక్ష ఓట్లు చెల్లితే అది 50,001. మొదటి ప్రాధాన్యంతో ఎవరూ దాన్ని అందుకోకపోతే, అందరికంటే తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని తొలగించి, ఆ కట్టలోని ఒక్కో పత్రాన్నీ దానిపై 2 ఉన్న అభ్యర్థికి బదిలీ చేస్తారు. ఆ అభ్యర్థి కూడా అప్పటికే తొలగిపోయి ఉంటే 3 చూస్తారు. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది పోటీపడగా ఈ లెక్కింపు రోజుల తరబడి సాగింది. కాబట్టి 1తో ఆగిపోకండి; మీ మొదటి అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపూ 2ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు గనుక, అది వేసినందువల్ల ఆ అభ్యర్థికి నష్టమేమీ ఉండదు.