ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) బోటు వేడెక్కిపోతోందా? ముందు నీళ్ళలో గాలి సంగతి చూడండి

మోటార్ ముట్టుకుంటే కాలుతోంది, ఈఎస్‌సీ (మోటార్ స్పీడుని నియంత్రించే బోర్డు) మధ్యలో కట్ అయిపోతోంది, ఇంకా పెద్దది కొనమంటారా అని అడిగేవాళ్ళందరికీ ముందుగా ఒకటే మాట. అప్పుడే ఏమీ కొనకండి, ఔట్‌లెట్ చూడండి. బోటు పక్కన నీళ్ళు బయటికి చిమ్మే చిన్న నాజిల్ ఉంటుంది కదా, అదే. దాన్ని చూడకుండానే మోటార్లు మార్చేసేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుందండి, బోలెడు డబ్బు ఊరికే పోతుంది.

ఇది వాటర్ కూలింగ్ ఉన్న బ్రష్‌లెస్ బోట్ల గురించి, 3660 (36 ఎంఎం వ్యాసం, 60 ఎంఎం పొడవు) నుంచి 4074 సైజు మోటార్ల దాకా. సోల్డరింగ్ చెయ్యడం, షాఫ్ట్‌కి గ్రీజు పెట్టడం వచ్చనుకునే రాస్తున్నాను.

వేడి కొలవడం దగ్గరే చాలామంది పొరబడతారు. టెంపరేచర్ గన్‌ని మెరిసే అల్యూమినియం మీద కొడితే ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది. మోటార్ క్యాన్ (బయటి తొడుగు) మీద, ఈఎస్‌సీ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టండి. బోటు గట్టుకి రాగానే ఒకసారి, ఒక నిమిషం ఆగి ఇంకోసారి కొలవాలి, ఎందుకంటే నీళ్ళు ఆగిపోయాక వైండింగ్‌లో ఉన్న వేడి మెల్లగా బయటికొస్తుంది. మోటార్ 60-65 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింతగా ఆడుకోండి. 80 దాటితే మామూలు నియోడిమియం అయస్కాంతాలు బలం కోల్పోవడం మొదలుపెడతాయి, పోయిన బలం చల్లారాక కూడా తిరిగి రాదు, అప్పట్నుంచి ఆ మోటార్ కరెంటు ఎక్కువ లాగుతూ ఇంకా తొందరగా వేడెక్కుతుంది. లైపో బ్యాటరీ 60 డిగ్రీలు దాటకూడదు.

లక్షణం: ఔట్‌లెట్‌లోంచి నీళ్ళే రావట్లేదు, లేదా సన్నగా కారుతున్నాయి

ఎక్కడో అడ్డుపడింది. పికప్ (నీళ్ళు లోపలికి తీసుకునే రంధ్రం) దగ్గర ట్యూబ్ పీకి నోటితో ఊదండి, గాలి తేలిగ్గా పోవాలి. హ్యాచ్ మూసి కూడా ఊది చూడండి, సిలికాన్ ట్యూబ్ హ్యాచ్ కింద నలిగిపోయి మడత పడటం మామూలే. మన గోదావరి వైపు అడ్డుపడేవి ఇంకో రెండు ఉన్నాయి. గుర్రపు డెక్క వేళ్ళు పికప్ రంధ్రానికి అతుక్కుంటాయి, అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి పర్లేదు. వరదల టైములో వచ్చే ఎర్రనీళ్ళు మాత్రం అలా కాదు, ఆ ఒండ్రు జాకెట్ (మోటార్ చుట్టూ నీళ్ళు తిరిగే తొడుగు) లోపల ఎండిపోయి పెచ్చు కట్టేస్తుంది. ఆ రోజుల్లో ఆడితే ఇంటికొచ్చాక 50 ఎంఎల్ సిరంజితో మంచినీళ్ళు రెండు వైపుల నుంచీ కొట్టండి, బయటికొచ్చే నీళ్ళు తేరుకునే దాకా.

లక్షణం: నీళ్ళు ధారగా వస్తున్నాయి, అయినా మోటార్, ఈఎస్‌సీ, బ్యాటరీ మూడూ వేడి

మూడూ వేడెక్కుతుంటే కూలింగ్ జోలికి వెళ్ళకండి, కరెంటే ఎక్కువ లాగుతోంది. ప్రాప్ (ప్రొపెల్లర్) పెద్దదైంది. 42 ఎంఎం తీసి 45 పెట్టారనుకోండి, మూడు ఎంఎమ్మే కదా అనిపిస్తుంది గానీ అదే ఆర్‌పీఎమ్‌కి లోడ్ బాగా పెరిగిపోతుంది. చిన్న ప్రాప్ వేసి ఒక రౌండ్ తిప్పి మళ్ళీ కొలవండి. 4ఎస్ (నాలుగు సెల్స్, 14.8 వోల్టుల) బ్యాటరీ మీద 2000 కేవీ (వోల్టుకి 2000 ఆర్‌పీఎమ్) మోటార్ అంటే లోడ్ లేకుండానే ముప్పై వేల ఆర్‌పీఎమ్ దగ్గర ఉంటుంది, దానికి పెద్ద ప్రాప్ వేస్తే ఏ కూలింగూ కాపాడదు.

లక్షణం: నెమ్మదిగా తిప్పితే చల్లగా ఉంటుంది, ఫుల్ స్పీడ్‌లో వేడి. లేదా చెరువులో బాగుంటుంది, కాలవలో వేడి

అసలు ఈ పోస్ట్ రాస్తున్నది దీని కోసమే. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అందరం చేపల చెరువుల మీద పడతాం, జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలాక మళ్ళీ కాలవలకి వస్తాం, సరిగ్గా అప్పుడే ఈ ఫిర్యాదు మొదలవుతుంది. "చెరువులో నెల రోజులు తిప్పాను, ఏమీ కాలేదు, కాలవలో రెండు నిమిషాలకే కట్ అయిపోతోంది" అంటారు. ఎదురు ప్రవాహానికి లోడ్ పడుతోంది అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది కాదండి. బోటు నీళ్ళలోనే ఉంది, నీళ్ళతో పాటే కదులుతోంది, ప్రవాహం ఎటు పోతున్నా ప్రాప్ మీద లోడ్ ఒకటే, గట్టు మీంచి చూసేవాళ్ళకి మాత్రమే స్పీడు తేడాగా కనిపిస్తుంది.

కారణం ఏంటంటే పికప్ నీళ్ళతో పాటు గాలి మింగుతోంది. బోటు నిలబడి ఉన్నప్పుడూ నెమ్మదిగా వెళ్ళేటప్పుడూ హల్ (బోటు బాడీ) నీళ్ళలో దిగబడి ఉంటుంది, రడ్డర్ (చుక్కాని) మీద ఉన్న పికప్ రంధ్రం బాగా లోపల మునిగి ఉంటుంది, ఔట్‌లెట్‌లోంచి కళకళలాడుతూ ధార వస్తుంది, మనం ఓకే అనుకుంటాం. స్పీడు అందుకున్నాక హల్ పైకి లేచి అడుగు చివర కొంచెం భాగం మీదే పరిగెడుతుంది. అప్పుడు వెనక పలక దగ్గర నీటి మట్టం హల్ అడుగు అంచుతో సమానమైపోతుంది. రంధ్రం ఆ అంచుకి కాస్త పైన ఉన్నా, సమానంగా ఉన్నా, ఇక అది తాగేది నురగే. ఔట్‌లెట్‌లోంచి అప్పుడు కూడా తుంపర వస్తూనే ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూస్తే నీళ్ళు పోతున్నట్టే ఉంటుంది. ఒకే పరిమాణంలో గాలి కంటే నీళ్ళు మూడు వేల రెట్లకి పైగా వేడిని మోసుకుపోతాయి, అంటే ట్యూబ్‌లో సగం గాలి ఉంటే ఆ సగం ఉన్నా లేనట్టే.

మరి కాలవలోనే ఎందుకంటే, చెరువు వెడల్పు, బోటు లేపిన అలలు దూరంగా పోయి చచ్చిపోతాయి. సిమెంటు గట్లున్న సన్న కాలవలో అలలు గట్టుకి కొట్టుకుని వెనక్కొస్తాయి, రెండో రౌండుకల్లా బోటు తన అలల మీదే ఎగురుతూ ఉంటుంది. ఎగిరిన ప్రతిసారీ ఒక గుక్క గాలి. చెరువులో అంచు మీద నెట్టుకొచ్చిన పికప్ కాలవలో ఫెయిల్ అయ్యేది ఇందుకే.

చెక్ చెయ్యడానికి ఒక స్టీలు స్కేలు చాలు. బోటుని తిరగేసి పెట్టండి, స్కేలుని హల్ అడుగున పొడవునా ఆనించి వెనక్కి రడ్డర్ దాటేలా ఉంచండి. మోనో (ఒకే హల్ ఉన్న బోటు) అయితే మధ్య కీల్ (అడుగు మధ్య గీత) మీద, క్యాటమరాన్ (రెండు హల్స్ ఉన్న బోటు) అయితే స్పాన్సన్ (ఒక పక్క హల్) అడుగున. బోటు మామూలుగా నిలబడినట్టు ఊహించుకుంటే పికప్ రంధ్రం ఆ స్కేలు గీత కంటే 10 నుంచి 15 ఎంఎం కింద ఉండాలి. మొన్న రాజోలు నుంచి ఒక కుర్రాడు క్యాటమరాన్ పట్టుకొచ్చాడు, ఈఎస్‌సీ మార్చాడు, మోటార్ మార్చాడు, జాకెట్ కూడా మార్చాడు. స్కేలు పెట్టి చూస్తే రంధ్రం సరిగ్గా గీత మీదే ఉంది. బ్రాకెట్‌లో రడ్డర్‌ని ఒక బొల్టు రంధ్రం కిందికి దించాం, అంతే, అదే ప్రాప్‌తో అదే కాలవలో మోటార్ మీద చెయ్యి పెట్టి ఉంచగలిగేంత చల్లబడింది.

స్కేలు మీద నమ్మకం కుదరకపోతే ఔట్‌లెట్‌కి వెళ్ళే ట్యూబ్ తీసేసి అవతల పక్క కనిపించే పారదర్శక ట్యూబ్ వెయ్యండి, గట్టుకి దగ్గరగా ఫుల్ థ్రాటిల్‌లో పోనిచ్చి ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీయించండి. ధార విరక్కుండా వంపు తిరిగి పడుతుంటే నీళ్ళు. టప్ టప్‌మని ఉమ్మినట్టు తెగి తెగి పడుతుంటే గాలి.

దించడానికి బ్రాకెట్‌లో చోటు లేకపోతే రడ్డర్ ముందు అంచున కింద కొత్త రంధ్రం వేసి పాతదాన్ని ఎపాక్సీతో మూసెయ్యాలి. రంధ్రం కచ్చితంగా ముందుకి చూడాలి, పక్కకి పడితే స్పీడ్‌లో నీళ్ళు తోసుకుని లోపలికి రావు. అలాగని రడ్డర్‌ని మరీ లోతుకి దించకండి, టర్నింగ్‌లో బోటు తిరగబడుతుంది. రడ్డర్ ప్రాప్‌కి సరిగ్గా వెనక ఉన్నా ఇదే గోల, ప్రాప్ సగం గాలిలో తిరుగుతూ కలిపిన నురగంతా అక్కడికే వస్తుంది. అందుకే దాన్ని పక్కకి జరిపి పెడతారు. రేసుల్లో కుడివైపే తిప్పుతారు కాబట్టి చాలా మోనోలకి రడ్డర్ కుడివైపు ఉంటుంది, కుడికి ఒరిగినప్పుడు అది లోతుకి దిగుతుంది. ఎడమకి తిప్పుతూ ఆడితే అదే రడ్డర్ పైకి లేచి మలుపు మలుపుకీ గాలి తాగుతుంది. రౌండ్లు కుడివైపుకి మార్చి చూడండి, ఒక్కోసారి అంతటితో సరిపోతుంది.

పికప్ సరిచేశాక కూడా మోటార్ పైభాగం వేడిగా, కింద చల్లగా ఉంటే జాకెట్‌లో గాలి ఇరుక్కుంది. జాకెట్ నిపిల్స్ (ట్యూబ్‌లు తగిలించే మూతులు) రెండూ కిందికి చూస్తుంటే లోపలికొచ్చిన గాలి పైన సగంలో అలాగే నిలబడిపోతుంది, కింద నుంచి కిందకే నీళ్ళు పోతుంటాయి, ఔట్‌లెట్ ధార మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ట్యూబ్‌లు మడత పడకుండా నీట్‌గా ఉంటాయని చాలామంది అలా పెడతారు. ఓ-రింగ్ (రబ్బరు రింగ్) జాకెట్ అయితే సబ్బునీళ్ళు రాసి తిప్పండి, నీళ్ళు కింద నిపిల్‌లో ఎక్కి పై నిపిల్‌లోంచి దిగాలి.

లక్షణం: ఈఎస్‌సీ ఒక్కటే వేడి

నీళ్ళు ముందు ఈఎస్‌సీకి వెళ్ళి తర్వాత మోటార్‌కి వెళ్ళేలా ట్యూబ్ వెయ్యండి. బ్యాటరీ వైపు వైర్లు పొడుగ్గా ఉంటే కత్తిరించండి, పొడవు తప్పదనుకుంటే మోటార్ వైపు పెంచండి, లేదా ఈఎస్‌సీ దగ్గర కెపాసిటర్లు కలపండి. సగం థ్రాటిల్‌లో ఎక్కువసేపు తిప్పడం కూడా ఈఎస్‌సీకి మంచిది కాదు, స్విచింగ్ వేడి పెరుగుతుంది, పైగా ఆ స్పీడ్‌లో నీళ్ళ ఒత్తిడీ తక్కువే.

లక్షణం: మోటార్ ముందు వైపు, కప్లర్ (మోటార్‌నీ షాఫ్ట్‌నీ కలిపే ముక్క) దగ్గర వేడి

ఫ్లెక్స్ షాఫ్ట్ (వంగే కేబుల్ షాఫ్ట్) గ్రీజు లేక ఎండిపోయి ఉంటుంది, లేదా ప్రాప్ దగ్గర డ్రైవ్ డాగ్‌కీ (ప్రాప్‌ని పట్టి తిప్పే ముక్క) స్ట్రట్‌కీ (షాఫ్ట్‌ని మోసే బ్రాకెట్) మధ్య సందు లేదు. లోడ్ పడితే కేబుల్ మెలి తిరిగి పొట్టిదవుతుంది, రెండు మూడు ఎంఎం వదలకపోతే బిగుసుకుపోయి రుద్దుకుంటుంది.

ఇక బేరింగ్ పోవడం, టైమింగ్ తప్పు ఉండటం, ఈఎస్‌సీ లోపల ప్లేటు ఊడిపోవడం, ఇవన్నీ అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్ళండి. యానాం, అంతర్వేది వైపు ఉప్పునీళ్ళలో ఆడేవాళ్ళు మాత్రం ప్రతిసారీ పికప్‌లోంచి మంచినీళ్ళు కొట్టి, ఆ తర్వాత గాలి ఊది ట్యూబ్ ఆరబెట్టాలి. అల్యూమినియం జాకెట్ లోపల పట్టే తెల్ల పొడి ముందుగా మూసేసేది ఆ చిన్న నిపిల్‌నే.