రెండో గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఎఫ్‌పీఎస్ పెరగట్లేదా?

సమస్య: సెకండ్ హ్యాండ్‌లో అదే మోడల్ కార్డు ఇంకోటి తెచ్చి బిగించారు. గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేమ్‌లు) పెరగలేదు సరికదా, ఉన్నదే తగ్గింది.

ముందు ఇది చూడండి: గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. రెండో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం సున్నా దగ్గరే ఉంటే కార్డు పాడైనట్టు కాదు, గేమ్ దాన్ని వాడుకోవట్లేదంతే. ఈ ఒక్క ముక్క చూడకుండా విండోస్ మళ్లీ ఎక్కించేవాళ్లే ఎక్కువ! గేమ్‌లు గ్రాఫిక్స్ కార్డును వాడుకోడానికి విండోస్‌లో ఉండే డైరెక్ట్‌ఎక్స్‌లో 11వ వెర్షన్ దాకా పనిని రెండు కార్డులకూ పంచే బాధ్యత డ్రైవర్‌ది, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ది. అందుకు ఒక్కో గేమ్‌కి ఒక్కో ప్రొఫైల్ (డ్రైవర్‌లో ఆ గేమ్ సెట్టింగులు) కావాలి. ఎన్‌విడియా కార్డులు రెండిటిని జోడించే పద్ధతి పేరు ఎస్‌ఎల్‌ఐ, దానికి కొత్త ప్రొఫైళ్లు ఇవ్వడం ఆ కంపెనీ 2021 జనవరి నుంచి మానేసింది. డైరెక్ట్‌ఎక్స్ 12లో ఆ పని గేమ్ రాసేవాళ్లదే, వాళ్లలో చాలామంది దాని జోలికే పోలేదు. జీటీఎక్స్ 1060కి అయితే రెండు కార్డుల్ని కలిపే బ్రిడ్జి తగిలించే చోటే లేదు. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌లో ఏ కార్డుకీ లేదు.

అసలు దొంగ, స్లాట్: రెండో కార్డు తీసి అమ్మేశాక కూడా ఎఫ్‌పీఎస్ మునుపటంత రాకపోతే అనుమానం దీనిమీదే. మార్చి మార్చి చూసే హడావుడిలో ఉంచుకున్న కార్డు మదర్‌బోర్డు కింది స్లాట్‌లో ఉండిపోతుంది. చూడ్డానికి రెండు స్లాట్లూ ఒకే పొడవు. టార్చ్ వేసి లోపల చూస్తే, కింది దాంట్లో చాలాసార్లు పిన్నులు పావు వంతే ఉంటాయి. బీ450, బీ550 మదర్‌బోర్డుల్లో ఎక్కువ వాటికి ఆ స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కి కాకుండా చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్) మీదుగా నాలుగు లేన్లతోనే (డేటా దారులతోనే) నడుస్తుంది. కార్డు పనిచేస్తుంది, డ్రైవర్ ఎర్రర్ చూపదు, బెంచ్‌మార్క్ కూడా పూర్తవుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు, డ్రైవర్లు మారుస్తూ కూర్చుంటారు.

కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ గడిలో లేన్ల అంకె చూడండి. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపించాకే ఆ అంకె నమ్మాలి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు పవర్ ఆదా కోసం లింక్ వేగం తగ్గించుకుంటుంది, అది చూసి టెన్షన్ పడొద్దు. టెస్ట్ నడుస్తున్నా 16కి బదులు 4 కనిపిస్తే పీసీ ఆపి, కార్డును ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న పై స్లాట్‌లోకి మార్చండి. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి వాటికి పుట్టుకతోనే 8 లేన్లు, వాటికి 8 కనిపిస్తే సరైనదే.

రెండూ ఉంచుకున్నవాళ్లకీ ఇదే చిక్కు. ఎస్‌ఎల్‌ఐకి ఒక్కో కార్డుకి కనీసం 8 లేన్లు కావాలి, లేకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో ఆ ఆప్షనే రాదు. ఏఎండీ కార్డుల్ని జోడించే క్రాస్‌ఫైర్ 4 లేన్ల మీద కూడా ఆన్ అవుతుంది, కానీ ఈడుస్తూ నడుస్తుంది.

మిగతావి: లోడ్ పడగానే పీసీ ఆగిపోతే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది (పీసీకి కరెంటు అందించే పెట్టె). పై కార్డు మరీ వేడెక్కుతుంటే కింది కార్డు దాని ఫ్యాన్‌లకు గాలి అందనివ్వట్లేదు. బ్రిడ్జి పాడవడం చాలా అరుదు.

ఒకటా, రెండా? గేమ్‌లకైతే ఒకటే. రెండు 8 జీబీ మెమరీ కార్డులు కలిపి పెట్టినా గేమ్‌కి దొరికేది 8 జీబీయే, 16 కాదు. రెండూ అమ్మి, ఆ డబ్బుకి కొంత కలిపి ఒక్క పెద్ద కార్డు కొనండి. బ్లెండర్ (3డీ సాఫ్ట్‌వేర్)లో రెండరింగ్ చేసేవాళ్లు మాత్రం రెండో కార్డు ఉంచుకోవచ్చు, దాని రెండరింగ్ ఇంజిన్ సైకిల్స్‌కి ఎస్‌ఎల్‌ఐతో పనిలేదు.